కాటన్ దొర, పులస చేప, మా చెరువు మొరవ

పలమనేరు పక్కన మాది చిన్న పల్లె. మేమెరిగిన పెద్ద నీళ్ళంటే మా చెరువే. ఏరు లేకపోలేదు, కౌండిన్య ఉంది. కాని ఏడాదిలో ఎక్కువ నెలలు దాంట్లో ఇసకే కనబడుతుంది. అట్లాంటి చోట పుట్టినవాణ్ణి, గోదావరి మీద ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ జీవితం గురించి ఈ సంచికకు రాస్తానంటే హాస్టల్లో మిత్రులు నవ్వినారు. నీకూ గోదావరికీ ఏం సంబంధమప్పా అని అడిగినారు. సంబంధం ఉంది. అది చెప్పేముందు మా చెరువు సంగతి నాలుగు మాటల్లో చెప్పాలి.

2021 నవంబరులో చిత్తూరు జిల్లాలో కురిసిన వానలు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. ఆ నెలలో మా చెరువు నిండి మొరవ పారింది. నాకప్పుడు పదహారేండ్లు. బుద్ధి తెలిసినాక చెరువు అంత ఉధృతంగా మొరవ పారడం చూసింది అదే మొదలు. ఊరంతా కట్టమీదనే ఉండింది. నురగలు కక్కుతూ కిందికి దూకే నీళ్ళలో చేపలు కిందినుంచి పైకి ఎదురెక్కుతా ఉన్నాయి. నీళ్ళు తోసేస్తే వెనక్కి పడతాయి, మళ్ళీ ఎక్కుతాయి. నేనూ నా జతగాళ్ళూ ఇంట్లోని దోమతెర తెచ్చి మొరవకు అడ్డంగా కట్టబోయినాము. మా తాత చూసి కేకలేసినాడు. మొరవకు ఈ కొసనుంచి ఆ కొసదాకా వల కట్టగూడదంట. ఒక పక్క పట్టుకో, ఇంకో పక్క దారి వదులు. అవి గుడ్లు పెట్టేదానికి పోతా ఉండేవి, అన్నీ పట్టేస్తే వచ్చే ఏడు చెరువులో ఏముంటుంది అనేది ఆయన లెక్క. బడి మొహం చూడని మా తాతకు జువాలజీ ఎవరు చెప్పినారో నాకు తెలీదు. దోమతెరను సగానికి మడిచి ఒక పక్కనే కట్టినాము.

తర్వాత నేను బి.ఎస్సీ.లో చేరినాను. రెండో సంవత్సరంలో చేపల వలసల గురించి పాఠం వచ్చింది. అమెరికా, కెనడా, నార్వే, స్కాట్లండు నదుల్లో సాల్మన్ అనే చేప ఉంటుంది. నదిలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మళ్ళీ తాను పుట్టిన నదినే వెదుక్కుంటూ వస్తుంది. జలపాతాలను సైతం ఎగిరి దాటుతుంది. పాఠం చెబుతున్న మాస్టారు మధ్యలో ఆగి, ఇట్లాంటి చేప మన దగ్గర ఏదో చెప్పండని అడిగినారు. కోస్తా నుంచి వచ్చిన ఒక మిత్రుడు వెంటనే పులస అన్నాడు. అయితే ఆ చేప ఎక్కడిదాకా పోగలదు, ఎక్కడ ఆగిపోతుంది అని మాస్టారు మళ్ళీ అడిగినారు. ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుందని ఆ మిత్రుడే జవాబు చెప్పినాడు.

ధవళేశ్వరం అనే పేరు వినగానే నాకు మా నాయన గుర్తొచ్చినాడు. ఒక ఏడు మా నాయన టమేటా లారీ వెంబడి రాజమండ్రికి పోయినాడు. తిరిగొచ్చినాక రేటు సంగతి ఒక్క మాటలో తేల్చేసి, అక్కడ చూసిన ఒక బొమ్మ గురించి రాత్రి పొద్దుపోయేదాకా చెప్పినాడు. టోపీ పెట్టుకోని గుర్రమెక్కిన తెల్లదొర బొమ్మంట. రైతులు దానికి పూలదండలు వేస్తారంట. నీళ్ళు తెచ్చినోడు ఏ జాతివాడైతే ఏమి, మొక్కాల్సిందే అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మా చేన్లో నాలుగో బోరు వేసి పది దినాలు కూడా కాలేదు. అందులోనించి దుమ్ము తప్ప తడి రాలేదు.

ఒకరేమో నీళ్ళకు దారి చూపిన దొర అన్నారు. ఇంకొకరేమో చేపకు దారి మూసిన గోడ అన్నారు. రెండూ ఒకే మనిషి పని. ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలని అప్పుడే అనిపించింది.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. తల్లిదండ్రులకు చాలామంది కొడుకులు. వారిలో ఈయన పదోవాడు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్‌కోంబ్ సైనిక విద్యాలయంలో చేరి ఇంజనీరింగు నేర్చుకున్నాడు. 1821లో మద్రాసుకు వచ్చాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు, అంటే మనలో చాలామంది డిగ్రీలో చేరే వయసు. మొదట కొన్నేళ్ళు సర్వే పనులు చేశాడు, బర్మా యుద్ధానికి వెళ్ళివచ్చాడు. 1828 తర్వాత ఆయన్ను కావేరీ నీటిపారుదల పనులకు మార్చారు. ఆయన అసలు చదువు అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

తంజావూరు సీమ అప్పటికే చిక్కుల్లో ఉంది. తిరుచిరాపల్లికి ఎగువన కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ పేరు కొల్లడం. అది పల్లంగా ఉండడంవల్ల ఏటేటా ఎక్కువ నీరు అటే పోయి, కావేరి మేట వేసుకుపోతోంది. దిగువన ఉన్న పొలాలు ఎండిపోతున్నాయి. దీనికి మందు ఏమిటని వెదుకుతూ కాటన్ కల్లణై ముందు నిలబడ్డాడు. కరికాల చోళుడు కట్టించినాడని చెప్పే పాత ఆనకట్ట అది. గట్టి రాతి నేల దొరకని చోట, ఒట్టి ఇసక మీద, రాళ్ళు పేర్చి కట్టింది. ఇసకలో పునాది నిలవదని ఇంగ్లండు చదువు చెబుతుంది. నిలిచి వందల ఏళ్ళయిందని కల్లణై చెబుతోంది. కాటన్ తన చదువును పక్కనబెట్టి కళ్ళను నమ్మాడు. పేరు కూడా తెలియని ఆ నాటి పనివాళ్ళ దగ్గరే ఇసకలో పునాది వేసే విద్య నేర్చుకున్నామని తర్వాత దాచకుండా ఒప్పుకున్నాడు. ఆ పాఠంతోనే 1835-36లో కొల్లడం మీద ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట కట్టాడు. తంజావూరు మళ్ళీ పచ్చబడింది. అణైకట్టు అనే తమిళ మాటనే ఇంగ్లీషువాళ్ళు తమ భాషలోకి తీసుకున్నారు. మా పలమనేరు సంతలో తమిళం, కన్నడం, తెలుగు మూడూ వినబడతాయి కాబట్టి ఆ మాట నాకు పరాయిదిగా తోచలేదు.

ఆరోగ్యం ఆయనకు ఎప్పుడూ సహకరించలేదు. జ్వరాలతో సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్ళి, 1841లో టాస్మానియాలో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్ళి చేసుకున్నాడు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో ఉద్యోగం. అక్కడినుంచి గోదావరి దగ్గరకు వచ్చాడు.

ఈనాడు కోనసీమ అంటే మన కళ్ళముందు కొబ్బరితోటలు, వరిచేలు మెదులుతాయి. కాటన్ చూసిన గోదావరి సీమ అది కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు గుంటూరు ప్రాంతంలో లక్షమందికి పైగా ప్రాణాలు తీసింది. 1839లో కోరంగి దగ్గర ఉప్పెన ఊళ్ళను ఊడ్చేసింది. రాజమండ్రి జిల్లాలో 1821లో ఏడు లక్షలు దాటిన జనాభా 1841 నాటికి ఆరు లక్షల లోపుకు దిగిపోయింది. ఇరవై ఏళ్ళలో పెరగాల్సిన జనం తరిగిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊరు విడిచారు. పక్కనే అంత పెద్ద నది పారుతోంది. వరదొస్తే ముంచుతుంది, లేకుంటే చూస్తుండగానే సముద్రంలో కలిసిపోతుంది. మా ఊళ్ళో నీళ్ళు లేక కరువు. అక్కడ నీళ్ళుండీ కరువు. ఏది పెద్ద బాధో నేను చెప్పలేను.

కాటన్ నదీతీరమంతా తిరిగి, వాలు కొలిచి, 1844, 1845లలో ప్రభుత్వానికి నివేదికలు పంపాడు. కంపెనీ ప్రభుత్వానికి పన్ను రాబడి కావాలి. అందుకని ఆయన కరువు గురించే కాక లాభనష్టాల లెక్కలు కూడా వేసి చూపించాడు. దయ ఒక్కటే చూపితే ఆ పెద్దలు కదలరని ఆయనకు తెలుసు. 1846 చివరలో అనుమతి వచ్చింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలయింది.

ఆ చోటును ఎందుకు ఎంచుకున్నాడో చూస్తే ఆయన బుద్ధి అర్థమవుతుంది. గోదావరి పాయలుగా చీలేది అక్కడే. నదీగర్భంలో లంకలు ఉన్నాయి కాబట్టి ఒకే పొడుగు గోడ అక్కరలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టి లంకలను కలుపుకోవచ్చు. నాలుగూ కలిపి మూడున్నర కిలోమీటర్లకు పైచిలుకు, ఎత్తు పన్నెండు అడుగులు. పక్కనే ధవళేశ్వరం కొండ ఉంది. రాయి అక్కడే కొట్టి, పట్టాల మీద బండ్లలో దించి, పడవలకెక్కించి నదిలోకి చేర్చారు. వేలమంది కూలీలు పనిచేశారు. వీణం వీరన్న అనే తెలుగు ఉద్యోగి ఆ జనాన్ని నడిపించి, కాటన్‌కు కుడిభుజంగా నిలిచి, తర్వాత రాయబహద్దూర్ బిరుదు పొందాడు. మధ్యలో 1848లో కాటన్ ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియాకు వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు పని చూసినవాడు కెప్టెన్ ఓర్. 1850లో కాటన్ తిరిగి వచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. ఐదేళ్ళు! మా ఊరి రోడ్డు మీది కల్వర్టుకు పట్టిన కాలంతో పోల్చుకుని నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను.

ఆనకట్ట ఒక్కటే పని కాదు. అక్కడినుంచి కాలువలు తవ్వారు, లాకులు పెట్టారు, పడవలు నడిపారు. నాగరం లంకకు నీళ్ళు తీసుకుపోవడానికి గన్నవరం దగ్గర నదీపాయ మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టారు. నది కింద పారుతుంటే కాలువ పైన పారింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద కూడా ఓర్ చేతుల మీదుగా ఆనకట్ట లేచింది. గోదావరి డెల్టాలో కాలక్రమాన సుమారు పది లక్షల ఎకరాలు సాగులోకి వచ్చాయి. ఇరవై ఏళ్ళలో తరిగిపోయిన జనం మళ్ళీ పెరిగారు, ఊళ్ళు నిలబడ్డాయి. గోదావరిలో స్నానం చేస్తూ సంకల్పంలో కాటన్‌ను తలుచుకునే ఆచారం కొందరిలో ఉందని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మా నాయన అయితే అంతకంటే ఎక్కువే చేసేవాడు.

ఇక చేప సంగతి.

పోయిన ఏడు మా క్లాసు విద్యార్థులం విజ్ఞాన యాత్రకు రాజమండ్రి వెళ్ళాము. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాము. తర్వాత నేనూ ఇద్దరు మిత్రులూ ఆనకట్ట దిగువకు పోయి ఒక ముసలి జాలరి పక్కన కూర్చున్నాము. అది ఆగస్టు నెల. నదిలో ఎర్రనీళ్ళు పారుతున్నాయి. పులసకు అదే కాలమని ఆయన చెప్పాడు. సముద్రంలో ఉన్నంతసేపూ దాని పేరు ఇలస. వరదనీటి వాసన పట్టి గోదావరిలోకి వచ్చి, తీపినీటిలో ఎదురీదే కొద్దీ దాని రంగూ రుచీ మారి పులస అవుతుందంట. పుస్తెలమ్మి అయినా పులస తినాలని ఆ సీమలో సామెత. మేము వెళ్ళిన రోజు ఆయన వలలో ఒక్కటి కూడా పడలేదు. తన తాత కాలంలో వరసగా పడేవని, ఇప్పుడు కొన్ని దినాలు ఉత్త వలే ఇంటికి పోతుందని చెప్పాడు. పడిందో, ఒక్క చేపే వేల రూపాయలు పలుకుతుంది. అందుకే పట్టిన జాలరి దాన్ని తినడు, అమ్ముకుంటాడు. తాను పులస తిని ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తులేదు.

శాస్త్రం చెప్పేది ఇది. పులస వెండిరంగు చేప, ఒళ్ళంతా సన్నని ముళ్ళు. బంగాళాఖాతంలో పెరిగి, నదిలో తియ్యనీటిలో గుడ్లు పెడుతుంది. పిల్లలు కొన్ని నెలలకు దిగువకు కొట్టుకుపోయి సముద్రం చేరుతాయి. గంగలో ఈ చేప ఒకప్పుడు అలహాబాదు దాటి పైకి పోయేది. 1975లో ఫరక్కా బారేజీ వచ్చాక ఆ పై ఊళ్ళలో దాదాపు కనబడకుండా పోయింది. గోదావరిలో ఆ పని 1852లోనే జరిగింది. పన్నెండు అడుగుల గోడ మనిషికి పెద్దది కాదు. కాని పులస సాల్మన్ లాగా ఎగరలేదు. పెద్ద వరదలో దిగువ నీళ్ళు కూడా పైకి లేచినప్పుడు కొన్ని దాటుతాయేమో గాని, తక్కినవి గోడ కింద గుంపుగా తిరుగుతాయి. అట్లా చిక్కినదాన్ని పట్టడం తేలిక. మొదట్లో అక్కడ వలేసినవాళ్ళకు పండగే అయి ఉంటుంది. ఈ కొసనుంచి ఆ కొసదాకా దోమతెర కట్టినట్టే కదా!

ఇంతవరకూ చదివి నేను కాటన్ మీద కోపం తెచ్చుకున్నాను. పొలాల లెక్క వేసినవాడు చేప లెక్క ఎందుకు వేయలేదు? జాలరి మనిషి కాదా? ఈ ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. వ్యాసం కూడా అట్లే ముగిద్దామనుకున్నాను. అయితే లైబ్రరీలో ఫ్రాన్సిస్ డే అనే ఆయన సంగతి చదివినాక ఆ పేజీ కొట్టేయాల్సి వచ్చింది.

డే మద్రాసు సైన్యంలో వైద్యుడు. 1875-78 మధ్య మన దేశపు చేపల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఈనాటికీ మన జువాలజీ వాళ్ళకు అది ఆధారం. నదుల మీది ఆనకట్టలు చేపలకు చేసే నష్టాన్ని విచారించమని ప్రభుత్వం ఆయనకు పని అప్పజెప్పింది. ఆ విచారణకు మూలం ఎవరో కూడా డే రాసిపెట్టాడు. గుడ్లు పెట్టడానికి సముద్రంనుంచి ఎదురెక్కే చేపలను ఈ ఆనకట్టలు ఆపేస్తున్నాయి, దానివల్ల తీరంలో చేపలవేటకు కూడా నష్టం కలుగుతుంది అని 1867లో ఎత్తి చూపినవాడు సర్ ఆర్థర్ కాటనే. ఆ ఆనకట్టలు కట్టించాలని అందరికంటే గట్టిగా వాదించినవాడే! అప్పటికి 1861లో సర్ బిరుదు వచ్చేసింది, ఉద్యోగం ముగిసింది, కీర్తి స్థిరపడింది. నోరు మూసుకుని ఉంటే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. తాను కట్టినదానిలో ఏమి మరిచిపోయాడో పదిహేనేళ్ళ తర్వాత తానే చెప్పాడు.

నాకు కాటన్ గొప్పతనం ధవళేశ్వరం రాళ్ళలో కంటే ఈ చిన్న విషయంలో ఎక్కువ కనబడింది. ఇట్లా చెప్పడంవల్ల ఆయన చేసిన తప్పు ఒప్పయిపోదు. పులస దారి అప్పటికీ మూసే ఉంది. డే ఊరూరా తిరిగి, ఆనకట్టల కింద పోగుపడిన చేపలను ఎట్లా ఊచకోత కోస్తున్నారో చూసి, ఆనకట్టల్లో చేపలకు దారులు వదలమని, మరీ సన్నకన్ను వలలు వద్దని సిఫారసు చేశాడు. 1897లో దేశానికి చేపల చట్టం ఒకటి వచ్చింది. నీళ్ళలో విషం కలపడం, మందుగుండు పేల్చడం అది నిషేధించింది. తర్వాత కొల్లడం దిగువ ఆనకట్టలో చేపల దారి కట్టి చూశారు. ఇలస దాన్ని ఉపయోగించుకోలేదు. ఎగిరే సాల్మన్ కోసం ఆలోచించిన మెట్లు ఎగరని చేపకు పనికిరావు. దారి వదలాలంటే ముందు ఆ చేప ఎట్లా నడుస్తుందో తెలియాలి. మనలాంటి విద్యార్థులకు ఇందులో చాలా పని ఉంది.

సాల్మన్ దేశాల్లో మాత్రం అంతా సవ్యంగా జరిగిందా అంటే, లేదు. అమెరికాలో కొలంబియా నది మీద 1938లో బోన్‌విల్ ఆనకట్టకు చేపల మెట్లు కట్టారు. అదే నదిమీద ఎగువన 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీకి మెట్లే పెట్టలేదు. పైన వందల మైళ్ళ నది సాల్మన్‌కు లేకుండా పోయింది. అక్కడి ఆదివాసుల తిండి, పండగలు అన్నీ ఆ చేప చుట్టూ ఉండేవి, అవీ పోయాయి. ఎల్వా అనే చిన్న నదిమీద మాత్రం రెండు పాత ఆనకట్టలను 2011-14 మధ్య పగలగొట్టారు. సాల్మన్ తిరిగి వచ్చింది. మన గోదావరిలో అట్లా చేయమని ఎవరూ అడగలేరు, నేనూ అడగను. పది లక్షల ఎకరాల అన్నం ఆ గోడమీద ఆధారపడి ఉంది.

కాటన్ కథలో మన రాయలసీమకు కూడా ఒక అధ్యాయం ఉంది. దేశంలోని నదులన్నిటినీ పడవలు నడిచే కాలువలతో కలపాలని ఆయన కల. ఆ ప్రోద్బలంతో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కర్నూలు-కడప కాలువ తవ్వింది. ఆ లెక్క తప్పింది. ఖర్చు అంచనాలు దాటింది. జొన్న, కొర్ర పండించే మెట్ట రైతులు అనుకున్నంతగా నీళ్ళు తీసుకోలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనేసింది. డెల్టాలో పారిన ఉపాయం ప్రతి నేలమీదా పారదని నేర్పిన ఓటమి అది. మధ్యలో 1876-78లో ధాత కరువు వచ్చి సీమను, మా పలమనేరు అప్పుడున్న ఉత్తరార్కాటు జిల్లాను కూడా పీల్చి పిప్పి చేసింది. రైళ్ళకు పోసిన డబ్బులో కొంత కాలువలకు పోసి ఉంటే ఇంత చావు ఉండేది కాదని కాటన్ ఇంగ్లండులో వాదించాడు. 1878లో పార్లమెంటు సంఘం ముందు ఆయన్ను గుచ్చి గుచ్చి ప్రశ్నించారు. ఆయన లెక్కలను అతిశయోక్తులన్నారు. డెబ్బై అయిదేళ్ళ ముసలివాడు వెనక్కు తగ్గలేదు.

చివరి రోజులు డార్కింగ్ అనే ఊళ్ళో గడిచాయి. అక్కడ తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ దిగుబడి పెంచవచ్చునా అని ప్రయోగాలు చేస్తూ కూర్చున్నాడు. నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన బొమ్మ ఇదే. 1899 జూలై 24న కన్నుమూశాడు. తొంభై ఆరేళ్ళు. మరుసటి సంవత్సరమే ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్ర వెలువరించింది.

పాత ఆనకట్ట వందేళ్ళకు పైగా పనిచేసి అలిసిపోయింది. దానికి బదులు 175 గేట్లతో కొత్త బారేజీ 1982లో జాతికి అంకితమయింది. దానికి కాటన్ పేరే పెట్టారు. వరదలో గేట్లన్నీ ఎత్తినప్పుడు కొన్ని పులసలు పైకి పోతాయని మేము మాట్లాడిన జాలరి చెప్పాడు. అయితే తగ్గిపోవడానికి ఇప్పుడు గోడ ఒక్కటే కారణం కాదు. నదీముఖాల్లో సన్నకన్ను వలలు, మురుగు, ఎండాకాలం సముద్రానికి చేరని నీరు, ఇవన్నీ తోడయ్యాయి. అన్నీ కాటన్ నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

ఇప్పుడు మళ్ళీ మా ఊరికి వస్తాను. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళను మెట్టుమెట్టుగా పంపులతో ఎత్తి, హంద్రీ-నీవా కాలువలో మా వైపు తెస్తున్నారు. 2025లో ఆ నీళ్ళు కుప్పం దాకా వచ్చాయి. మా చేనికి ఇంకా రాలేదు. వస్తే మా నాయన ఎవరి పటానికి దండ వేస్తాడో గాని, వేయడం మాత్రం ఖాయం. నేను వద్దనను. నాలుగు బోర్ల అప్పు తీరుస్తున్నవాడి కొడుకును, కాలువ వద్దని ఎట్లా అంటాను?

అయితే మూడేండ్ల కింద మా చెరువుకు మరమ్మతు చేసినప్పుడు పాత రాళ్ళ మొరవను తీసేసి నిలువుగా సిమెంటు గోడ కట్టినారు. నీళ్ళు ఎక్కువ నిలుస్తాయని ఊరంతా సంతోషించింది, నేను కూడా. తర్వాతి వానలకు మొరవ పారినప్పుడు చేపలు ఆ గోడకు తలలు కొట్టుకుని కిందపడినాయి. ఒక్కటీ ఎక్కలేదు. పిల్లకాయలు గంపలతో ఎత్తుకున్నారు. తాత అప్పటికే పోయినాడు, కేకలేసేవాళ్ళు లేరు.

ఈ వేసవి సెలవుల్లో నేనూ మా నాయనా, పక్క చేను మామ కలిసి రెండు ట్రాక్టర్ల బండరాళ్ళు తెచ్చి, మొరవ గోడకు ఒక కొసన వాలుగా పేర్చినాము. గోడ అట్లే ఉంది, నీళ్ళు తగ్గలేదు. ఒక్క కొసన మాత్రం రాళ్ళ సందుల్లో ఎక్కిపోవడానికి దారి ఏర్పడింది. రెండు దినాల పని. గోడ కట్టేముందే ఎవరైనా గుర్తుచేసి ఉంటే ఆ రెండు దినాలు కూడా పట్టేది కాదు. కాటన్‌కు పదిహేనేళ్ళ తర్వాత తట్టింది. మనకు ఆయన అనుభవం చేతిలో ఉంది కదా. రేపు మన కాలేజీనుంచి ఇంజనీర్లు అయ్యేవాళ్ళూ, ఆఫీసర్లు అయ్యేవాళ్ళూ కాగితం మీద గోడ గీసేముందు ఒక్కసారి ఆ నీళ్ళలో ఎవరు నడుస్తున్నారో అడగాలని నా విన్నపం.

మా రాళ్ళ దారి పనిచేస్తుందో లేదో ఇంకా తెలీదు. ఈ ఏడు చెరువు ఇంకా నిండలేదు. నిండినరోజు క్లాసు ఎగ్గొట్టి ఊరికి పోతానని మాస్టారికి ముందే చెప్పి పెట్టినాను.